కుక్కకాటు సూదులు, మా కరుణ కాళ్ళు

నంద్యాల వైపు వెళ్ళొచ్చానంటే మా బాపట్లలో అందరూ అడిగేది ఒకటే: "మహానంది చూశావా? అహోబిలం ఎక్కావా?" రెండూ చూడలేదు. మహానంది కోనేటిలో నీళ్ళు అడుగున పడిన గుండుసూది కనిపించేంత తేటగా ఉంటాయని బస్సులో ఎవరో చెప్పగా విన్నాను, అంతే. నేను వెళ్ళింది మా పిన్ని కూతురు కరుణను చూడడానికి. చూశాను. చూసి తలెత్తుకుని తిరిగొచ్చాను. ఆ సంగతి నలుగురికీ చెప్పకపోతే, దేవుడు నా చేత చేయించిన ప్రయాణానికి కృతజ్ఞత చెల్లించనట్టే అనిపించి ఇది రాస్తున్నాను. నాకు బడి చదువు లేదు. మా నాన్న సాయంత్రాలు వసారాలో కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలే ఇవి. తప్పులుంటే ఆయనవి కావు, నావి.

కరుణ సంగతి ముందే చెప్పాలి. డెబ్బైలలోనే, నేను వెళ్ళడానికి రెండు మూడేళ్ళ ముందు, ఆమెను పిచ్చికుక్క కరిచింది. దానికి మందంటే అందరికీ తెలిసిందే, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. అవి ఇంకా పూర్తి కాకుండానే ఆమెకు రెండు కాళ్ళూ పడిపోయాయి. ఒక కన్ను మసకేసింది. నెలల తరబడి మంచంలో ఉండి, దేవుని దయవల్ల లేచి, చేతికర్ర పట్టుకుని నడుస్తోందని ఉత్తరాల్లో తెలుస్తూ వచ్చింది. అప్పట్లో మా మామగారు మంచాన ఉన్నారు, నేను ఇల్లు కదలలేని రోజులు. వానలు వెనకబట్టాక ఈసారి వీలు కుదిరింది. మా వారు గుంటూరులో రైలెక్కించారు. నా సామానల్లా ఒక సంచీ, ఒక గోంగూర పచ్చడి జాడీ.

నల్లమల దాటుతూ

ఆ చిన్న పట్టాల రైలు తొందరపడదు. అడవిలోకి వచ్చేసరికి మా వరిచేల పచ్చదనం వెనకబడి, కొండల పచ్చదనం మొదలైంది. సొరంగంలోకి దూరగానే పెట్టెలో మాట్లాడేవాళ్ళంతా ఒక్కసారి నోరు మూసుకున్నారు. వెలుగులోకి రాగానే ఎవరు ఎక్కడ ఆపారో అక్కణ్ణించే మళ్ళీ అందుకున్నారు. నాకు నవ్వొచ్చింది.

ఆ సొరంగానికి ముందే, గిద్దలూరులో ఒకామె గంపెడు సీతాఫలాలతో ఎక్కి, నా పక్కన కూలబడుతూనే అడిగింది.

"యాడికి పోతాండావ్ మా?"

"ఆళ్ళగడ్డకండీ."

"అండీ అంటాందే ఈయమ్మ!" అని ఎదురుగా ఉన్నామెకు నన్ను చూపించి నవ్వింది. "నేనేమన్నా కలెక్టర్నా? నువ్వు అను, చాలు. ఆడ ఎవురుండారు నీకు?"

"చెల్లెలుంది."

"పిలిస్తే పోతాండావా, పిలవకనే పోతాండావా?"

మా వైపు ఈ ప్రశ్న అడగడానికి మనిషికి కనీసం నాలుగు స్టేషన్ల పరిచయం కావాలి. "పిలవకుండానే," అన్నాను.

"అయితే మంచిదానివే," అని రెండు పండ్లు తీసి నా ఒళ్ళో పెట్టింది. డబ్బులు తీయబోతే చెయ్యి నెట్టేసింది. "గింజలు కిటికీలోంచి ఉమ్ము. ఈ అడివిలో చెట్లన్నీ అట్ల మొలిచినవే." ఆమె పేరు కూడా తెలియదు. పండు తిన్నంతసేపూ ఆమె కోసం మనసులో ప్రార్థించుకున్నాను.

నంద్యాల

స్టేషను బయటికి రాగానే గాలిలో దూది పింజలు ఎగురుతున్నాయి. పత్తి మిల్లుల ఊరు. ఆ పక్కనే బియ్యం మిల్లుల ఊక వాసన. మా ఊరి మిల్లు వాసనే గానీ, ఇక్కడ అందులో ఎండుమిరపకాయల ఘాటు కలిసింది. తుమ్ముతూనే హోటలు వెతుక్కున్నాను.

ఇక్కడి పొద్దుటి ఫలహారం ఉగ్గాని. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో తడిపి, పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాలింపులో కలుపుతారు. మా వైపు బొరుగులంటే పిల్లలు జేబుల్లో పోసుకుని నమిలేవి, వాటితో వంటేమిటని పళ్ళెం వంక చూస్తూ కూర్చున్నాను. పక్కన అరచేయంత మిరపకాయ బజ్జీ. పళ్ళెం అర్ధరూపాయి.

"తింటావా మా, చూస్తావా?" అన్నాడు హోటలాయన. "చూసేదానికైతే దుడ్లు వద్దులే."

తిన్నాను. కళ్ళనీళ్ళు కారాయి గానీ ఇంకో పళ్ళెం అడిగి తిన్నాను.

ఆళ్ళగడ్డ బస్సులో నా పరువు పోయింది. శిరివెళ్ళ దాటాక ఒక కుదుపుకి పచ్చడి జాడీ మూత ఊడి, నూనె పక్కాయన పత్తి మూట మీద కారింది. నేను బిక్కచచ్చిపోయి కొంగుతో తుడుస్తుంటే ఆయన మూట వాసన చూసి, "గోంగూరా?" అన్నాడు. అవునన్నాను. "పోనీలే మా. ఈ పత్తి కొన్నోడు పరుపు కుట్టించుకుంటే, రేత్రిళ్ళు వానికి ఆకలైతాది," అన్నాడు. బస్సంతా నవ్వింది. రోడ్డుకు అటూ ఇటూ జొన్నచేలు నిలువెత్తున ఉన్నాయి. నల్లరేగడి నేల కోస్తే ముక్కలయ్యేట్టు ఉంది. ఈ నేల మీద మా కరుణ మళ్ళీ నడుస్తోందని తలచుకుని స్తోత్రం చెప్పుకున్నాను.

ఆళ్ళగడ్డ, వాకిట్లో జనం

కరుణ వాళ్ళ ఇల్లు రాళ్ళు చెక్కేవాళ్ళ వీధి చివర. నేను వెళ్ళేసరికి వాకిట్లో జనం గుమిగూడి ఉన్నారు. తోసుకుంటూ లోపలికి వెళ్ళాను. లోపల మంచం మీద కరుణ కూతురు శాంతి, ఎనిమిదేళ్ళ పిల్ల, చేతికి గుడ్డ కట్టించుకుని కూర్చుని ఉంది. నాయనమ్మ రాహేలమ్మ గాయానికి పూయడానికి గిన్నెలో మిరపకారం కలుపుతోంది. కరుణ కర్ర ఆనుకుని నిలబడి, ఆ గిన్నె లాక్కోవడానికి చెయ్యి చాపి ఉంది. నన్ను చూసి కూడా చెయ్యి దించలేదు.

"అక్కా, వచ్చినావా? ముందు ఈ గిన్నె పట్టుకో, మాటలు తర్వాత."

పట్టుకున్నాను. మా ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల పెళ్ళయి ఇన్నేళ్ళకు సీమ మనిషై, మాట కూడా మారిపోయింది. సబ్బుతో, చెంబులకొద్దీ నీళ్ళతో శాంతి చెయ్యి కరుణే కడిగింది.

"నిన్న పొద్దుగూకే యాళ కుక్క కరిచింది వదినా," అన్నాడు కరుణ భర్త దేవదానం. ఆయన బడిపంతులు, నెమ్మదస్తుడు. "మన శాంతిని చేతి మీద, ఈ ఓబులేసును పిక్క మీద. పోతా పోతా ఒక బర్రెను గూడా కరిచింది."

ఓబులేసు ఎదురింటాయన, రాతిపని ఆయనది. పిక్కకు పసుపు గుడ్డ చుట్టుకుని, గడపలో రాజులాగ కూర్చుని ఉన్నాడు. "దానికి ఇచ్చేది నేనూ ఇచ్చినా మా," అన్నాడు నాతో. "సుత్తితో ఒకటే దెబ్బ. లేయలేదు." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. కరిచిన కుక్కను వదిలిపెట్టడం ఈ వీధిలో పరువు తక్కువ పని. కరిపించుకున్నవాడే దాన్ని చంపితే మగతనం కింద లెక్క.

"ఏం బాగుపడినాం దాన్ని చంపి?" అంది కరుణ. "గొలుసేసి కట్టేసి పది దినాలు చూసింటే తెలిసిపోతాండె కదప్పా. అది బాగుంటే మనకు సూదుల పనే లేదు. పిచ్చిదైతే తెలిసి యేయించుకుంటాంటిమి. ఇప్పుడేం తెలుస్తాది? వంకలో పడేసొస్తివి."

"కరిస్తే చంపక హారతిస్తానా అక్కా?"

"హారతి వద్దు, తాడు చాలు."

జనం వెళ్ళిపోయాక అసలు మాట బయటపడింది. సంజామల దిక్కున పసరు పోసేవాడున్నాడని, తెల్లారి బండి కట్టి పిల్లను తీసుకుపోదామని రాహేలమ్మ అంది. కరుణ వద్దంది. ఆసుపత్రికే తీసుకుపోతానంది.

"నీ కాళ్ళు చాల్లేదా?" అంది రాహేలమ్మ. చెడ్డ మనిషి కాదామె. కోడలికి మంచంలో ఒళ్ళు తుడిచిన మనిషి. "నీకు పొయ్యింది ఆ సూదుల వల్లనే అని డాక్టరే చెప్పె గదా. అదే మందు నా మనవరాలికి పొడిపిస్తావా? ఆ దినం నుంచి ఈ ఇంట్లోకి ఏ టీకా సూదీ రానీలేదు నేను. ఇప్పుడు ఇదా?"

అది నిజమే. కాళ్ళు పడిపోయినప్పుడు నంద్యాలలో పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడట, ఆ మందు వల్లనే ఇలా అయిందని. దేవదానం మెల్లగా అన్నాడు.

"నిన్ను మోసినా కరుణా. ఈ మంచం కాణ్ణించి పెరట్లోకి, పెరట్లోంచి మంచం కాడికి. బిడ్డను మోసేదానికి నాకు బలం ఉండాది. మనసు లేదు."

"నాకు మాత్రం ఉండాదా?" అంది కరుణ. "అది నా రక్తం. నాకొచ్చింది దానికీ వస్తాదేమోనని నిన్నటి నుంచి నాకు ముద్ద దిగల్యా. అయినా పోతా. పిచ్చి తగులుకుంటే మోసేదానికి గూడా బిడ్డ ఉండదు."

ఆ పూట జొన్నరొట్టె, పుండుకూర చేశారు. మన గోంగూరే ఇక్కడ పుండుకూర. రొట్టె చేత్తో కొట్టి పల్చగా చేయడం రాహేలమ్మ దగ్గరే చూడాలి. నా చేతిలో ముక్కలైపోతే, కోపంలో ఉండి కూడా, "అట్ల కాదు మా, బిడ్డను నిమిరినట్ల," అని నేర్పింది. నేను మోకరించి చాలాసేపు ప్రార్థించాను. ఏం అడగాలో నాకు తెలియలేదు. పసరు వద్దని అడగనా, సూదులు వద్దని అడగనా? చివరికి కరుణకు తోడుండమని మాత్రం అడిగాను.

రాళ్ళ వీధి

తెల్లారి ముగ్గురం బయలుదేరాం. ముందు కరుణ, ఆమె కొంగు పట్టుకుని శాంతి, వెనక నేను. ఆ వీధిలో ఇంటింటి ముందూ దేవుళ్ళు వెల్లకిలా పడుకుని ఉంటారు. సగం చెక్కిన చేతులు, ఇంకా తెరవని కళ్ళు. ఉలిదెబ్బలు మేం నడుస్తుంటే ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ చూస్తున్నది కరుణ కాళ్ళనే.

ఓబులేసు రాయి మీది నుంచి పిలిచాడు. "అక్కా, నిజంగానే పోతాండావా?"

"పోతాండా. నువ్వూ రా."

"నేనా? నీ కాళ్ళు చూసినోడు ఎవుడన్నా వస్తాడా ఆడికి? నేను కూచోని చెక్కేవాణ్ణి, లేసి నడిచేదుండాది. పసరు తాగుతా."

కరుణ ఆగింది. కర్ర రెండు చేతులతో పట్టుకుని ఆయన వైపు తిరిగింది.

"లచ్చుమమ్మ తాగె గదప్పా పసరు?"

ఓబులేసు ఉలి కింద పెట్టాడు.

లచ్చుమమ్మ ఎవరో నాకు అప్పుడే తెలిసింది. ఆనాడు కరుణను కరిచిన కుక్కే ఆమెనూ కరిచిందట. ఆమె సూదులకు భయపడి పసరు తాగింది. కొన్ని వారాలు బాగానే తిరిగింది. తర్వాత నీళ్ళ చెంబు చూసి అరిచి, అరిచి పోయింది.

"నన్ను కరిచిందే ఆమెనూ కరిచింది," అంది కరుణ. "నేను కుంటుతాండా. ఆమె లేదు. చచ్చినోళ్ళు ఈ వీధిలో నడవరు గదా, అందుకని ఆమెను మర్చిపోయినారు. నేను నడుస్తాండా, అందుకని నన్నే చూస్తాండారు."

అలా అని ముందుకు కదిలింది. నా చెల్లెలు అంత మాట అంత నెమ్మదిగా చెప్పగా విని, బాపట్లలో ఉన్న మా పిన్ని కూడా ఇక్కడుండి విని ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఆసుపత్రి బల్ల

ఆళ్ళగడ్డ ప్రభుత్వాసుపత్రిలో కుక్కకాటు వాళ్ళు కూర్చోవడానికి కిటికీ కింద ఒక పొడవాటి బల్ల ఉంది. గాజు సూది మరిగే గిన్నె చప్పుడు అక్కడికి వినిపిస్తుంది. సిస్టరమ్మ కరుణను చూసి గుర్తుపట్టి, చేతిలో సూది అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "నువ్వా? నీ బిడ్డకా?" అంది. "నా బిడ్డకే," అని కరుణ శాంతి గౌను పైకెత్తి, తన చెయ్యి పిల్ల కళ్ళకు అడ్డం పెట్టింది. పిల్ల కెవ్వుమంది. కరుణ కళ్ళు మూసుకోలేదు, సూది లోపలికి పోవడం చివరిదాకా చూసింది. నేను మాత్రం గోడవైపు తిరిగాను.

మర్నాడు మేం వెళ్ళేసరికి బల్ల మీద ఓబులేసు కూర్చుని ఉన్నాడు.

"పసరాయన ఊళ్ళో లేడంట," అన్నాడు మమ్మల్ని చూడకుండా.

"ఎవురు చెప్పినారు?"

"నేనే అనుకున్నా."

ఆ తర్వాత రోజూ కలిసే వెళ్ళాం. శాంతి సూది అయిన ప్రతిసారీ బొరుగుల ఉండ అడిగేది. ఓబులేసు కూడా అడిగేవాడు. ఆయనకు నోరు ఊరుకోదు. ఒకసారి నాతో, "మీ దేవుడు నా కడుపు కొట్టినాడు మా. ఇంతమంది ఉండారు మీవాళ్ళు, ఒక్క బొమ్మ గూడా చెక్కించుకోడు," అన్నాడు.

"సమాధి రాళ్ళు చెక్కిస్తాం గదప్పా నీతో, అవి చాలవా?" అంది కరుణ.

"అయితే బేగా బేగా చావండి మరి!"

చుట్టూ అందరూ నవ్వారు. ఆసుపత్రి బల్ల మీద అంత నవ్వు నేనెక్కడా వినలేదు. మా వైపైతే చావు మాట ఎత్తితే నోరు మూయించి, తలుపు వైపు చూస్తాం. ఇక్కడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగతాళి చేస్తారు. మొదట నొచ్చుకున్నాను గానీ, తర్వాత్తర్వాత అదే నాకు ధైర్యమిచ్చింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. పిల్ల పొట్ట వాచి గట్టిపడింది, అంతే. ఒక మధ్యాహ్నం ఓబులేసు ఇంటి ముందు నుంచి శాంతి మెల్లగా నడిచొచ్చి, గడప దగ్గర ఆగి అంది:

"అమ్మా, కాళ్ళల్లో చీమలు పాకుతాండాయి."

రాహేలమ్మ చేటలో బియ్యం నేల మీద పోసేసింది. "చెప్పినా గదా! చెప్పినా గదా!" అని గుండెలు బాదుకుంది. కరుణకు కూడా మొట్టమొదట అలాగే మొదలైందట. దేవదానం బడి నుంచి పరుగెత్తుకొచ్చి, పిల్లను భుజాన వేసుకున్నాడు. కరుణ ముఖం చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. "నంద్యాలకు పోదాం," అంది. అంతే.

వీధిలో మాకు ఓబులేసు ఎదురొచ్చాడు. విషయం విని, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడిపోయాడు.

మళ్ళీ నంద్యాల

నంద్యాలకు వెళ్ళే బస్సులో ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు. జొన్నచేలు కూడా కనబడలేదు.

డాక్టరు పెద్దాయన. కరుణకు వైద్యం చేసింది ఆయనే. శాంతిని బల్ల మీద కూర్చోబెట్టి, చిన్న సుత్తితో మోకాళ్ళ కింద తట్టాడు. పాదాలు గీకాడు. గుండుసూదితో అక్కడక్కడా తాకి, తగులుతోందా అని అడిగాడు. మడమల మీద నడవమన్నాడు. మునివేళ్ళ మీద నడవమన్నాడు. కళ్ళలోకి లైటు వేసి చూశాడు. ఉచ్చ సరిగా పోస్తోందా, జ్వరం వచ్చిందా, తల నొప్పెడుతోందా, వాంతులయ్యాయా అని కరుణను అడిగాడు. ఏదీ లేదంది.

"నువ్వు పొద్దుటి నుంచి యాడ కూచున్నావు పాపా?"

"ఓబులేసు మామ కాడ. రాయి మీద."

"ఎట్ల కూచున్నావు?"

శాంతి బల్ల మీదే కాళ్ళు మడిచి వాటి మీద కూర్చుని చూపించింది. "మామ సింహం మూతి చెక్కుతాంటే. అయిపోయేదాకా."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దేవదానం గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "ఈరోజుకు నాకేమీ కనబడలేదు," అన్నాడు డాక్టరు. "కాళ్ళు బాగున్నాయి. మడిచి కూర్చుంటే పట్టిన తిమ్మిరే అనుకుంటా."

అప్పుడు కరుణ కూర్చుంది. తను అడగాలనుకున్నవన్నీ ఒకటొకటిగా అడిగింది. ఆ మాటలు నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను, ఎందుకంటే మన దగ్గర కూడా చాలామంది ఇవే అడుగుతారు.

"నాకేమైంది సార్ అప్పుడు? ఇంకోసారి సరిగ్గా చెప్పండి."

ఆయన బల్ల మీది ఫ్యాను తీగ పట్టుకుని చూపించాడు. "మన నరాలకు పైన ఇట్లాంటి తొడుగు ఒకటుంటుంది. ఈ కుక్కకాటు మందు గొర్రె మెదడుతో చేస్తారు. ఎక్కడో ఒకరికి, ఆ మెదడు మీద పోట్లాడబోయి, ఒళ్ళు తన నరాల తొడుగునే కొరుక్కుంటుంది. నీకదే అయింది. చలి దేశాల్లో ఇట్లాంటిదే ఒక జబ్బుంది, మల్టిపుల్ స్క్లీరోసిస్ అంటారు. అది తగ్గినట్టే తగ్గి, మళ్ళీ మళ్ళీ వస్తుంది. నీది అది కాదనే నా నమ్మకం. ఒకసారి వచ్చింది, ఆగింది."

"ఆ జబ్బు గూడా టీకాల వల్లనే వస్తాదా సార్? పిల్లోళ్ళకు వేసేవాటి వల్ల?"

"ఆ అనుమానం అడిగేవాళ్ళు ఉన్నారు. అవునని తేలినట్టు నేనెక్కడా చదవలేదమ్మా. ఈ కుక్కకాటు మందు సంగతి వేరు, ఇది చేస్తుందని తెలుసు. పిల్లల టీకాల్లో మెదడు ఉండదు. నీకైందని చెప్పి వాటిని ఆపొద్దు."

"నాకొచ్చింది గనక నా బిడ్డకూ వస్తాదా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"వస్తుందని చెప్పలేను. రాదని కూడా చెప్పలేను. కాళ్ళు బలం తగ్గినా, ఉచ్చ ఆగినా, తలనొప్పీ జ్వరమూ వచ్చినా సూది ఆపి పరుగెత్తుకుని రండి. పిచ్చికుక్క జబ్బు వచ్చిందంటే మాత్రం నా దగ్గరికి తెచ్చి లాభం లేదు. ఎక్కడికి తీసుకుపోయినా లాభం లేదు. మిగిలిన సూదులు వేయించేదీ మానేదీ మీ ఇష్టం."

కరుణ దేవదానం వంక చూసింది. ఆయన నేల మీది నుంచి లేచి, పిల్లను ఎత్తుకుని, "మాపటి బస్సు దొరుకుతాది. రేపటి సూదికి అందుకుంటాం," అన్నాడు.

బయటికొచ్చాక ఆకలి తెలిసింది. గుంతపొంగణాలు తిన్నాం. వేరుశనగ చట్నీలో శాంతి ముక్కు మునిగిపోయేట్టు తింటుంటే, దేవదానం తనది తినకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చదువుకున్న వాళ్ళను మా ఊళ్ళో కూడా చూశాను. తెలియదన్న మాటను అంత మర్యాదగా చెప్పిన ఆ డాక్టరును మాత్రం నా ప్రార్థనల్లో ఇప్పటికీ తలచుకుంటాను.

దొర్నిపాడు నుంచి వచ్చినవాళ్ళు

మేం తిరిగొచ్చేసరికి ఓబులేసు మా గడపలోనే ఉన్నాడు. ఆరోజు సూదికి వెళ్ళలేదట. వీధిలో నలుగురూ చేరారు. నేనైతే పిల్లకేమీ కాలేదని చెప్పి ఊరుకునేదాన్ని, ఆయనకు ధైర్యంగా ఉంటుందని. కరుణ అలా చేయలేదు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. గొర్రె మెదడు సంగతి, తొడుగు సంగతి, రాదని చెప్పలేనన్న మాట కూడా.

"అంటే నాకు గూడా పోవచ్చు కాళ్ళు," అన్నాడు ఓబులేసు.

"పోవచ్చు."

"చెప్పకుండా ఉండొచ్చు గదా అక్కా!"

"రేపు పోతే నా ముఖం ఎట్ల చూస్తావప్పా?"

ఆయన లేచి, పిక్క గోక్కుంటూ వెళ్ళిపోయాడు. తెల్లారి బల్ల మీద మాకన్నా ముందున్నాడు. రాహేలమ్మ కూడా ఆ పొద్దు మాతో వచ్చింది. మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

దేవుని దయవల్ల పిల్లకు గానీ, ఓబులేసుకు గానీ ఏమీ కాలేదు. చివరి సూది రోజున ఓబులేసు వీధి వీధంతా బొరుగుల ఉండలు పంచాడు. నేను తిరుగు ప్రయాణానికి సంచీ సర్దుకున్నాను. బస్సుకు ఇంకా పొద్దుందని కరుణతోపాటు ఆసుపత్రికి వెళ్ళాను, సిస్టరమ్మకు ఒక మాట చెప్పి వద్దామని.

నేను బల్ల మీద కూర్చున్నాను, పక్కనే దొర్నిపాడు నుంచి వచ్చిన భార్యాభర్తలు నిలబడి ఉన్నారు. ఆయన చేతికి కుక్కకాటు. కూర్చోమంటే కూర్చోడు. తలుపు వైపే చూస్తున్నాడు. ఆమె సిస్టరమ్మతో గట్టిగా వాదిస్తోంది.

"ఆ సూదులేస్తే కాళ్ళు పడిపోతాయంట గదమ్మా? ఆళ్ళగడ్డలో ఎవురో ఒకామెకు పోయినాయంట. మా ఊరిదాకా తెలిసింది."

సిస్టరమ్మ కరుణ వైపు చూసింది. ఆ చూపులో అడగడం ఉంది. పెద్దపెద్ద చదువుల వాళ్ళు పనిచేసే చోట, ఒక మనిషి మాట కావలసివస్తే, అక్కడ ఉన్నవాళ్ళందరిలో మా చెల్లెలి వైపు చూశారు. 

కరుణ కర్ర పొడుచుకుంటూ ఆయన ఎదుటికి వెళ్ళి నిలబడింది. ఆయన ఆమె ముఖం చూసి, తర్వాత కాళ్ళు చూశాడు.

"నేనే ఆమెను," అంది. "పోవచ్చు. నావి పోయినాయి. శానామందికి పోవు. నన్ను కరిచిన కుక్క కరిచి, సూదులొద్దన్నామె ఇప్పుడు లేదు. మొన్న నా బిడ్డను కరిస్తే, ఇవే సూదులు, నేనే పట్టుకోని యేయించినా." కర్ర కొసతో బల్ల చూపించింది. "కూచో."

ఆయన భార్య వంక చూశాడు. ఆమె చేతిలో సంచీ కింద పెట్టింది.

నేను బల్ల చివరికి జరిగి ఆయనకు చోటిచ్చాను.